ఫ్లై ఫిషింగ్‌లో విసుగు తగ్గించే చిన్న సామాను: ఏది పనికొస్తుంది, ఏది జేబు బరువు?

నమస్తే అండీ. నా చేతిలో రాడ్ ఉంది, వెనకాల ఏరు ఉంది. కానీ ఈరోజు నేను నీళ్లలో ఫ్లై వెయ్యను. కారణం చివర్లో చూపిస్తాను. ముందు ఈ జాకెట్ జేబులు ఖాళీ చేద్దాం.

చూశారుగా, ఎంత చెత్త ఉందో! కొత్తలో ఏ కొత్త వస్తువు కనబడినా కొనేసేవాణ్ణి. ఇందులో సగానికి పైగా నీటి మొహం చూడలేదు. ఇంకోపక్క, రాడ్ విసరడం రాకపోవడం వల్ల పోయిన సమయం కంటే, ముడి వెయ్యడానికి, చిక్కు తియ్యడానికి, తడిసి మునిగిపోయే ఫ్లైని ఆరబెట్టడానికి పోయిన సమయమే నాకు ఎక్కువ. అందుకే ఈ వీడియోలో రాడ్ల గురించి, రీళ్ల గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

ఈ ఆట తెలియని వాళ్లకి ఒక్క మాట. మామూలు గాలంలో ఎరకో, దానితో కట్టిన సీసపు గుండుకో బరువు ఉంటుంది, అదే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులా తయారు చేసిన ఎర. దానికి బరువే ఉండదు. బరువంతా లైన్‌లో ఉంటుంది. 5 నంబర్ లైన్ తీసుకుంటే మొదటి 30 అడుగులు తూగేది సుమారు 9 గ్రాములు. ఆ లైన్ చివర లీడర్ అనే సన్నబడుతూ పోయే దారం, లీడర్ చివర ఇంకా సన్నటి దారం, అదే టిప్పెట్, దాని చివర ఫ్లై. కష్టాలన్నీ ఆ సన్నటి చివర్లోనే!

సరే, రాడ్ బిగించగానే మొదటి చిరాకు: రింగుల్లోంచి లైన్ ఎక్కించడం. అందరూ చేసే తప్పు నేనూ ఏళ్ల తరబడి చేశాను. లీడర్ సన్నటి కొస పట్టుకుని ఒక్కో రింగులో దూర్చుకుంటూ పైదాకా వెళ్లడం. ఆఖరి రింగు దగ్గర వేలు జారిందా, మొత్తం సర్రున కిందికి వచ్చేస్తుంది. మళ్లీ మొదటినుంచి. ఇదిగో, ఇలా చెయ్యండి. లీడర్‌ని వదిలెయ్యండి. లావుగా ఉండే లైన్‌నే కొస దగ్గర మడిచి, ఆ మడతని రింగుల్లో దూర్చండి. కంటికి బాగా కనిపిస్తుంది, చేతికి దొరుకుతుంది. ఇప్పుడు కావాలనే వదిలేస్తున్నా, చూడండి... మడత విచ్చుకుని రింగులోనే ఇరుక్కుంది. జారలేదు. దీనికి పైసా ఖర్చు లేదు. నా దృష్టిలో ఈ వీడియో మొత్తంలో అన్నిటికంటే విలువైన చిట్కా ఇదే. మిగతాది చూడకపోయినా నేనేమీ అనుకోను.

ఇక కొనాల్సిన వస్తువు ఒక్కటే చెప్పమంటే, ఈ ఫోర్సెప్స్. డాక్టర్ల దగ్గర చూసే ఉంటారు, కత్తెరలాగే ఉండి పట్టుకున్నాక లాక్ అవుతుంది. చేప నోట్లోంచి కొక్కెం తియ్యడానికని కొంటారు. నేను మాత్రం రోజులో ఎక్కువసార్లు వేరే పనులకే వాడతాను. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది, దాన్ని బార్బ్ అంటారు. ఫోర్సెప్స్‌తో దాన్ని నొక్కి చదును చేసేస్తాను. అప్పుడు చేప నోట్లోంచి కొక్కెం తేలిగ్గా వస్తుంది. మీ చెవిలోంచి కూడా! నవ్వకండి, నాకు జరిగింది. గాలి ఎదురుగా ఉన్న రోజున నా ఫ్లై నేరుగా వచ్చి నా చెవికే గుచ్చుకుంది. బార్బ్ నొక్కేసి ఉంది కాబట్టి ఒక్క లాగుతో వచ్చేసింది. లేకపోతే ఆసుపత్రికే. ముడి వేసేటప్పుడు కూడా చిన్న ఫ్లైని ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే వేళ్లకి గుచ్చుకోదు, గడ్డిలో పడి మాయమైపోదు.

టిప్పెట్ కొసలు కత్తిరించే నిప్పర్‌కి మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఇంట్లో ఉన్న నెయిల్ కట్టర్ చక్కగా పనిచేస్తుంది. తుప్పు పడితే ఇంకొకటి. పళ్లతో మాత్రం కొరకొద్దు. పంటికి దెబ్బ, కొస చితికిపోయి కొక్కెం కన్నులోకి, అంటే దారం కట్టే చిన్న రంధ్రంలోకి, దూరదు. ఏటవాలుగా కత్తిరించిన కొస సులువుగా దూరుతుంది. ఫ్లైని ఆకాశం వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే కన్ను స్పష్టంగా కనిపిస్తుంది. నలభై దాటిన వాళ్లకి ఇది కూడా చాలదు, నాకు తెలుసు. మీకోసమే ఈ త్రెడర్. ఇంట్లో మంచి వెలుతురులో ఒక డజను ఫ్లైలని ఈ సన్నటి తీగలకి ఎక్కించి పెట్టుకుంటారు. ఏటి దగ్గర టిప్పెట్‌ని తీగ వంపులో పెట్టి ఫ్లైని జరిపితే చాలు, కన్నులోంచి దారం వచ్చేస్తుంది. సాయంత్రం మసక వెలుతురులో దీని విలువ తెలుస్తుంది.

ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప పడినప్పుడు తెగేది సరిగ్గా అక్కడే.

ఏ ఫ్లైకి ఎంత సన్నటి టిప్పెట్? కొత్తవాళ్లందరికీ ఇది టెన్షన్. లెక్క చాలా తేలిక: కొక్కెం సైజుని మూడుతో భాగించండి (సైజు నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది). 16 సైజు ఫ్లైకి దాదాపు 5, అంటే 5ఎక్స్ టిప్పెట్. 12 సైజుకి 4ఎక్స్. ఈ ఎక్స్ పక్క నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 11లోంచి ఆ నంబర్ తీసేస్తే మందం అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే ఆరు వెయ్యోవంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. ఇది మోటు లెక్కే, గాలి బాగా ఉంటే ఒక నంబర్ లావుది కట్టినా నష్టం లేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఏడిపించిన విషయం. నీటిపైన తేలాల్సిన డ్రై ఫ్లై మునిగిపోవడం. దీనికి రెండు మందులు ఉన్నాయి, చాలామంది ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తారు. ఈ చిన్న సీసాలో ఉన్నది జెల్. ఇది ఫ్లై తడవక ముందు పూయాలి, అదీ ఒక చుక్క, వేళ్లమధ్య కరిగించి. తడిసిన ఫ్లైకి జెల్ రాస్తే నీటిని లోపలే పెట్టి తలుపేసినట్టు. నేను ఒక సీజన్ మొత్తం అదే చేసి, జెల్ నాసిరకం అని తిట్టుకున్నాను! తడిసిన దానికి ఈ రెండో డబ్బా, తేమ పీల్చే పొడి. చేప పట్టిన ఫ్లైకి జిగురు అంటుకుంటుంది, ముందు నీళ్లలో జాడించి, గుడ్డలో అద్ది, అప్పుడు డబ్బాలో వేసి గిలకొట్టండి. బయటికి తీసి ఒక ఊదు ఊదితే మళ్లీ కొత్తదే. ఒక్క మినహాయింపు: సీడీసీ ఫ్లైలు. అవి బాతు తోక దగ్గరి నూనె గ్రంథి చుట్టూ ఉండే మెత్తటి ఈకలతో కడతారు. జెల్ తగిలితే ఆ ఈకలు అట్టకట్టిపోతాయి. వాటికి పొడి ఒక్కటే.

ఇంకో తమాషా ఏంటంటే, ఫ్లై తేలాలి కానీ టిప్పెట్ తేలకూడదు. నిశ్చలంగా ఉన్న నీటిలో, తేలే టిప్పెట్ నీడ చేపకి తాడులా కనిపిస్తుంది. దానికీ ప్రత్యేకంగా పేస్టు అమ్ముతారు. అది కొనక్కర్లేదు, ఒడ్డున ఉన్న మెత్తటి బురద వేళ్లతో తీసి టిప్పెట్‌కి రాసి తుడవండి. జిడ్డు పోతుంది, మునుగుతుంది.

రీలుకి చుట్టి ఉన్న లీడర్ స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే, చేత్తో పట్టి మెల్లగా లాగి కొన్ని క్షణాలు అలాగే సాగదీసి పట్టుకోండి. జోరుగా లాగితే చెయ్యి కాలుతుంది. లైన్ తేలడం మానేసినా, రింగుల్లో జారడం మానేసినా కొత్తది కొనకండి. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ. నూటికి తొంభైసార్లు అది మురికే.

మిగతావి త్వరగా. పోలరైజ్డ్ కళ్లజోడు తప్పనిసరి. నీటి మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది, కొక్కెంనుంచి కంటికి రక్షణ. చేపని వెతక్కండి, అడుగున దాని నీడని వెతకండి. వల కొంటే రబ్బరుది కొనండి, కొక్కేలు చిక్కుకోవు, చేప చర్మం గీసుకుపోదు. ముడులు వేసే ఈ యంత్రం లాంటిది నాకు ఒక్కసారీ అవసరం పడలేదు, ఎవరికైనా ఇచ్చేస్తా. ఇంటికి వెళ్లేటప్పుడు రాడ్ ముక్కలు ఊడిరాకపోతే మెలితిప్పొద్దు. రాడ్‌ని మోకాళ్ల వెనక పెట్టి, అతుకుకి అటూ ఇటూ చేతులతో పట్టుకుని, మోకాళ్లని పక్కలకి తెరవండి. తిన్నగా ఊడి వస్తుంది.

ఇక ఆఖరి వస్తువు. దారానికి కట్టిన ఈ థర్మామీటర్. నేను ఇక్కడ పట్టే ట్రౌట్ చల్లటి నీటి చేప. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ దాటాక, లాగి లాగి అలసిపోయిన చేపని ఎంత జాగ్రత్తగా వదిలినా అది బతకకపోవచ్చు. వీడియో మొదలుపెట్టే ముందే దీన్ని నీళ్లలో ముంచి ఉంచాను. దగ్గరికి రండి, కెమెరాలో కనిపిస్తోందా? ఇరవై ఒకటిన్నర. రాడ్ విప్పేస్తున్నాను. రేపు తెల్లవారుజామున నీళ్లు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ వస్తా.