ఆ డబ్బు ఊరికే రాలేదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కమిటీ పెద్దలకు, లోపల వంటల దగ్గరున్న అక్కచెల్లెళ్లకు... అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. ఇక్కడ కెనడాలో రెసిడెన్షియల్ స్కూళ్లలో మగ్గిన ఆదివాసీ పిల్లల్ని తలచుకుంటూ సెప్టెంబరు 30న ఆరెంజ్ చొక్కాలు ఎందుకు వేసుకుంటారో పిల్లలకు చెప్పమన్నారు. వాళ్లకు స్కూల్లోనే చెబుతున్నారు. నేను మాట్లాడాల్సింది పెద్దవాళ్లతో.

మన విన్నిపెగ్ పార్టీల్లో ఆదివాసీల గురించి ఒక మాట వింటుంటాను. "వాళ్లకేమండీ, గవర్నమెంటు డాలర్లు కుమ్మరించింది, అయినా ఏడుపే." ఆ డబ్బు సంగతే చెబుతాను.

ఈ దేశంలో దాదాపు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరం చేసి, ప్రభుత్వం డబ్బుతో చర్చీలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. బతికున్నవాళ్లు వేలల్లో కోర్టుకెక్కితే ప్రభుత్వం, చర్చీలు రాజీకొచ్చాయి. 2007లో ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంటే ఇది దానం కాదు. స్కూల్లో ఉన్నందుకు మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపైన ఏడాదికి 3,000. నెలకెంతో మీరే లెక్కేసుకోండి. 2005 మే 30కి ముందే పోయినవాళ్ల పేరున పైసా లేదు. ప్రభుత్వ డే స్కూళ్లలో పగలు చదివి సాయంత్రం ఇంటికెళ్లినవాళ్లనూ కలపలేదు, వాళ్లు విడిగా కోర్టుల చుట్టూ తిరిగి ఒప్పందం కోసం 2019 దాకా ఆగారు.

అలాంటి స్కూల్లో ఉన్న ఒక పెద్దాయనకు ఆ డబ్బు ఫారం నింపడంలో సాయం చేశాను. ఏడేళ్లు ఉన్నానన్నాడు. రికార్డుల్లో మూడేళ్లే కనిపిస్తున్నాయని ఉత్తరం వచ్చింది. రిజిస్టర్లు రాసింది వాళ్లు, పోగొట్టింది వాళ్లు, రుజువు మాత్రం ఈయన తేవాలి! స్కూల్లో ఆయన్ను నంబరుతో పిలిచేవారట. పేరు రాయాల్సిన గడి పక్కన ఆ నంబరు వేశాడు, పెన్ను కాగితం చిరిగేంతగా నొక్కి. పశువుల కొట్టం తగలబడిన చలికాలం, పక్క మంచం మీది పిల్లాడు దగ్గుతో పోయిన ఏడు, ఇలా గుర్తుచేసుకుంటూ ఒక్కో ఏడాదీ పేర్చుకొచ్చాడు. మళ్లీ అప్లై చేస్తే ఇంకో రెండేళ్లు ఒప్పుకున్నారు. మిగతా రెండేళ్లు ఆయన ఎక్కడున్నాడట? ఎవరైనా చెప్పండి.

ఆ వెనక నవ్వుతున్న తమ్ముడూ, నువ్వేమంటావో తెలుసు. మనమూ హాస్టల్లోనే చదివాం కదా అని. నేనూ సంక్షేమ హాస్టల్లోనే చదివాను, పురుగుల అన్నం తిన్నాను. కానీ మా అమ్మ నెలకోసారి గోంగూర పచ్చడి సీసా పట్టుకొచ్చేది, తెలుగులోనే తిట్టేది. ఇక్కడ పిల్లల్ని పంపడం తప్పనిసరి చేస్తూ 1920లో చట్టమే సవరించారు. ఇంటి భాష మాట్లాడితే దెబ్బలు. అదీ ఇదీ ఒకటేనా?

ఎక్కడున్నాను? ఆఁ, క్లెయిములు. లైంగికంగా హింసించినా, తీవ్రంగా కొట్టినా వేరే విచారణ ఉండేది. 38,000కు పైగా క్లెయిములు వచ్చాయి. చేసిన పనికి ఇన్ని పాయింట్లు, దానివల్ల కలిగిన నష్టానికి ఇన్ని అని పట్టిక. కట్టుకున్న భార్యకు కూడా చెప్పని సంగతి, ముక్కూమొహం తెలియని అధికారి ముందు ప్రశ్న ప్రశ్నకూ విడమరచి చెబితేనే పాయింట్లు. ఒంటారియోలోని సెయింట్ ఆన్స్ స్కూల్లో పిల్లల్ని షాక్ కొట్టే కరెంటు కుర్చీలో కూర్చోబెట్టేవారు. దాని మీద పోలీసులు దర్యాప్తు చేసిన వేల పేజీలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, అయినా విచారణకు ఇవ్వలేదు. 2014లో కోర్టు ఆదేశిస్తేగాని బయటికి రాలేదు. ఇదండీ డాలర్లు కుమ్మరించిన తీరు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం, ఇది పనికొచ్చే మాట. ఆ విచారణల్లో చెప్పినవన్నీ రహస్య రికార్డులు. చెప్పినవాళ్లు ఉంచమని కోరకపోతే 2027 సెప్టెంబరు 19న నాశనం చేస్తారు, సుప్రీంకోర్టే అలా చెప్పింది. ఉంచాలో వద్దో వాళ్ల ఇష్టం, మనం సలహా ఇవ్వక్కర్లేదు. ఉంచాలనుకుంటే మన ఊళ్లోనే, మానిటోబా యూనివర్సిటీలో ఉన్న, ఈ స్కూళ్ల రికార్డులు భద్రపరిచే జాతీయ కేంద్రంలో దాస్తారు. మీ ఆఫీసులోనో, హాస్పిటల్ డ్యూటీలోనో మీతో పనిచేసేవాళ్ల ఇంట్లో క్లెయిమ్ వేసిన పెద్దలుంటే, ఆ తేదీ ఒక్కటి చెవిన వేయండి. ఆ కేంద్రం ఫోన్ నంబరు రాసిన చీటీలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను.