డేటు దాటిన ఉప్పు, బూజు వాసన పల్లీలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. హోమ్ సైన్స్ పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని నేను. పోయిన సంక్రాంతికి వంటింటి అరలు దులుపుతుంటే ఒక ఉప్పు ప్యాకెట్ దొరికింది. డేటు దాటి మూడు నెలలైంది. తీసి చెత్తబుట్టలో వేశాను. దాని వెనకే ఒక డబ్బాలో పల్లీలు ఉన్నాయి. మూత తీస్తే కాస్త బూజు వాసన. పారేయడానికి మనసొప్పలేదు. నల్లబడ్డవి నాలుగు ఏరేసి, మిగతావి దోరగా వేయించి ఇడ్లీల్లోకి పచ్చడి నూరాను. అందరం తిన్నాం. రాత్రి పడుకున్నాక వెలిగింది, ఉంచాల్సింది పారేసి, పారేయాల్సింది పచ్చడి చేశానని.

పొడి ఉప్పులో క్రిమి పెరగదు. ఇంకా చెప్పాలంటే, మిగతా సరుకుల్ని పాడవకుండా కాపాడేదే ఉప్పు. అయొడైజ్డ్ ఉప్పులో అయొడిన్ మాత్రం రోజులు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ తగ్గుతుంది. అంటే ఆ డేటు దాటితే మేలు కొంత తగ్గుతుందంతే, కడుపుకు వచ్చే కీడేమీ లేదు.

మరి ప్యాకెట్ మీద రాసేవాటికి అర్థమేమిటి? మన దేశంలో లేబుల్ మీద ఏముండాలో చెప్పేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. 2020 నాటి నిబంధనల ప్రకారం ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ డేటు వేయాలి. ‘బెస్ట్ బిఫోర్’ వేయడం, వేయకపోవడం కంపెనీ ఇష్టం. బెస్ట్ బిఫోర్ అంటే ఆ రోజు వరకు రుచి, వాసన, కరకర అన్నీ మేం చెప్పినట్టే ఉంటాయని కంపెనీ ఇచ్చే మాట. యూజ్ బై అంటే ఆ తర్వాత తినొద్దని, అమ్మొద్దని. కొట్లో కొనేటప్పుడు నేను దీన్నే గట్టిగా పట్టుకుంటాను. డేటు దాటింది సగం ధరకిస్తానన్నా తీసుకోను. నాకున్న చిక్కల్లా, పనీర్ మీదా అదే మాట, రవ్వ మీదా అదే మాట. చదివేవాళ్ళకు తేడా ఎలా తెలుస్తుంది? డాలస్‌లో ఉన్న మా అమ్మాయిదీ ఇదే టెన్షన్. అక్కడ ఫెడరల్ చట్టం డేటు తప్పనిసరి చేసింది పసిపిల్లల పాలపొడికి ఒక్కదానికే. మిగతా డబ్బాల మీద ఉండేవి చాలావరకు కంపెనీలు వాటంతటవి వేసుకునేవి.

ఇంకో సంగతి. ఆ డేటు సీలు తీయని ప్యాకెట్‌కు, అదీ పొడిగా చల్లగా ఉంచితేనే. మనమేమో నూనె ప్యాకెట్లు స్టవ్ పక్కన పెడతాం, గోధుమపిండి ప్యాకెట్ కత్తిరించి బట్టల క్లిప్పు పెడతాం. ఆ తర్వాత డేటు చూసి లాభమేముంది?

నన్నడిగితే ముందు చూడాల్సింది తడి. క్రిములకైనా బూజుకైనా నీళ్ళు కావాలి. ఆవకాయ జాడీనే తీసుకోండి. దాని మీద ఏ డేటూ ఉండదు, అయినా ఏడాది నిలుస్తుంది. మామిడికాయను తుడిచి ఆరబెట్టి కొడతాం. ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది. పులుపు ఎక్కువ కాబట్టి చాలా క్రిములకు అది గిట్టదు. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. జాడీకి వాసెన కడతాం, తడి గరిటె పెడితే పెద్దవాళ్ళు కేకలేస్తారు. మైక్రోస్కోపు చూడని మా అమ్మమ్మకు ఇదంతా తెలుసు. ఇన్ని తెలిసిన ఆవిడే పచ్చడి మీద బూజు కడితే ఆ పైది తీసేసి కింది నుంచి వడ్డించేది, అది మాత్రం నేను ఒప్పుకోను. బూజు పైకి కనిపించేది కొంతే, దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి.

పొడి సరుకుల్లో డేటు దాటినా భయపడక్కర్లేనివి చాలా ఉన్నాయి. కందిపప్పు పాతబడితే ఉడకడానికి మొరాయిస్తుంది, గ్యాసు ఖర్చు. కారం రంగు తగ్గుతుంది, ఇంగువ వాసన పోతుంది, బేకింగ్ పౌడర్ పొంగించదు. బియ్యమైతే పాతవని ఎక్కువ రేటు పెట్టి మరీ కొంటాం! నాలుగు ముక్కు పురుగులు కనిపిస్తే ఎండలో పోసి చెరిగి వాడుకోవచ్చు. రవ్వ గూళ్ళు కట్టి ఉండలుగా వస్తుంటే మాత్రం పారేయండి. నూనె, జీడిపప్పు, కొబ్బరి కనరు వాసన వస్తే డేటు ఇంకా ఉన్నా పారేయండి.

ఇక్కడిదాకా ముక్కు పనిచేస్తుంది. ముక్కుకూ నాలుకకూ అందనివి ఉన్నాయి, నా పల్లీల కథ అక్కడికే వస్తుంది. తేమ తగిలిన పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిర్చి మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరుగుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. బూజుకు వాసన ఉంటుంది కానీ ఆ విషానికి ఉండదు. బూజు చచ్చినా విషం మిగిలిపోతుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తిన్నా కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో గిరిజన పల్లెల్లో కామెర్లు వచ్చి వంద మందికి పైగా చనిపోయారు. అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిన్నారు వాళ్ళు. ఆ ఇళ్ళలోని కుక్కలకూ అదే జబ్బు. దాని కారణం తేల్చినవాళ్ళు మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. బూజు పట్టిన గింజ తినడం వాళ్ళకు సరదా కాదు, ఇంట్లో ఇంకో గింజ లేదు. నాకు ఆ అవసరం లేదు. నూటయాభై రూపాయలకు ఆశపడ్డాను.

అందుకే పల్లీలు అరకిలోకు మించి కొనకండి, వానాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టండి. ముడతపడ్డవి, రంగు మారినవి ఏరిపారేయండి. డబ్బా మొత్తం బూజు వాసన వేస్తే ఏరడాలు లేవు, మొత్తం పారబోయాల్సిందే. ఊళ్ళో అయితే ‘గేదెకు పెడదాంలే’ అంటాం. ఆ విషం కొంత రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది, సాయంత్రానికి మన కాఫీలోనే ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాకే ఈ విషం సంగతి బయటపడింది. వాటి మేతలో కలిసింది పల్లీ పిండే. పనిమనిషికి ఇవ్వడం అన్న ఆలోచన కూడా ఎవరికీ రాదనే అనుకుంటున్నాను.

కొట్లో కొన్న సీలు డబ్బా ఉబ్బిందంటే రుచి కూడా చూడొద్దు, వాసన బాగున్నా సరే. లోపల గాలి పుట్టిందంటే ఏదో పెరుగుతోందని. పసిపిల్లల పాలపొడి డేటు దాటితే ఒక్క రోజైనా వాడొద్దు.

సరే, నా మాటలు చాలు. అనుమానమున్న ప్యాకెట్ తలా ఒకటి తెమ్మన్నాను కదా. ముందు వరుసలో ఆ పచ్చచీర అమ్మా, మీ సేమ్యా ఇలా ఇవ్వండి. అబ్బో, కిందటి దసరా నాటిది! కత్తెర ఎవరి దగ్గరైనా ఉందా?