మత్తు డాక్టరుకు చెప్పాల్సిన ఇంటి సంగతి

శ్రోతలకు నమస్కారం.

ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు మంచం దగ్గరికి వచ్చి చాలా ప్రశ్నలు అడుగుతారు. షుగరు ఉందా, ఆయాసం వస్తుందా, బీడీ తాగుతావా, కట్టుడు పళ్లు ఉన్నాయా? వాటి మధ్యలో ఇంకొకటి ఉంటుంది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ప్రాణం మీదికి వచ్చిందా? కర్నూలులో అయినా కడపలో అయినా ఈ ప్రశ్నకు జవాబు తొందరగా రాదు. ఆపరేషను పెట్టుకొని చావు మాట ఎత్తుతారా అని పెద్దవాళ్లు కసురుకుంటారు. చెబితే వాయిదా వేస్తారేమోనని ఇంకొందరి భయం. నేను మత్తు డాక్టరును. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతామో, దాని వెనక మన కండల్లో ఏం జరుగుతుందో ఈ రోజు చెబుతాను.

1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ల విద్యార్థి ఒకతను కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు. కాలు ఏమవుతుందోనన్న దిగులు కంటే మత్తు ఇస్తారన్న భయమే అతనికి ఎక్కువ. వాళ్ల బంధువుల్లో పదిమంది ఈథర్ అనే పీల్చే మందు మత్తులో చనిపోయారు. అతను ఆ సంగతి దాచుకోలేదు. డాక్టర్లు ఈథర్ వదిలేసి, అప్పుడే కొత్తగా వచ్చిన హాలోథేన్ ఇచ్చారు. కాసేపటికే నాడి పరుగెత్తింది, బీపీ పడిపోయింది, ఒళ్లు కాలిపోయింది. కాని వాళ్లు ముందే కాచుకొని ఉన్నారు కాబట్టి వెంటనే మత్తు ఆపి, ఒళ్లు చల్లబరిచారు. ఆ అబ్బాయి బతికాడు. మైఖేల్ డెన్‌బరో, లవెల్ అనే ఇద్దరు వైద్యులు ఈ సంగతిని అదే ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికకు లేఖగా రాశారు. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా, అంటే కొన్ని మత్తు మందులు తగిలితే ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికి వచ్చే జబ్బు, వంశపారంపర్యంగా వస్తుందని ప్రపంచానికి తెలిసింది అక్కడి నుంచే. యంత్రాలేవీ కనిపెట్టలేనిదాన్ని ఒక కుటుంబం జ్ఞాపకం పట్టిచ్చింది. ఈ జబ్బు గురించి మాట్లాడే ప్రతిసారీ నేను ఈ కథే ముందు చెబుతాను.

ఇక కండల సంగతి. కాల్షియం అనగానే మనకు ఎముకలు, పాలు, మాత్రలు గుర్తుకొస్తాయి. కాని చెయ్యి ముడవాలన్నా, నాగలి పట్టాలన్నా, ఊపిరి పీల్చాలన్నా కండకు కాల్షియమే సైగ. కండ ఊరికే ఉన్నప్పుడు కణం లోపలి ద్రవంలో కాల్షియం దాదాపు లేనట్టే ఉంటుంది. బయటితో పోలిస్తే సుమారు 10,000 వంతుల్లో ఒక వంతు. మిగతాదంతా కండ నారల చుట్టూ వలలా అల్లుకున్న సన్నని సంచుల్లో దాగి ఉంటుంది. మన ఊరి చెరువును తలచుకోండి. సంచి చెరువైతే, దాని గోడలో ఉన్న రయనోడిన్ రిసెప్టర్ అనే పెద్ద ప్రొటీను తూము. నరం నుంచి కబురు రాగానే తూము తెరుచుకుంటుంది, కాల్షియం నారల మీదికి పారుతుంది, ట్రోపోనిన్ అనే ప్రొటీనును అంటుకుంటుంది, కండ ముడుచుకుంటుంది. పని కాగానే తూము మూసుకుంటుంది. పారిన కాల్షియాన్ని తిరిగి సంచిలోకి తోడిపోసే పంపులు వేరే ఉన్నాయి. ఆ పంపులకు ఏటీపీ అనే ఇంధనం కావాలి. కండ ముడుచుకోవడానికే కాదు, వదులు కావడానికి కూడా ఇంధనం ఖర్చవుతుందన్నమాట. చనిపోయిన మనిషి ఒళ్లు బిగుసుకుపోవడానికి కారణం ఇదే, ఆ ఇంధనం అయిపోవడం.

కొందరికి పుట్టుకతోనే ఆ తూము కాస్త వదులుగా ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంది, పేరు ఆర్‌వైఆర్1. దానిలో చిన్న మార్పు ఉన్నా చాలామందికి రోజువారీ బతుకులో ఏ తేడా తెలియదు. పొలం పని చేస్తారు, మూటలు మోస్తారు, కబడ్డీ ఆడతారు. అయితే హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్ వంటి పీల్చే మత్తు మందులు గానీ, గొంతులో గొట్టం వేసేటప్పుడు కండలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ గానీ తగిలితే ఆ తూము తెరుచుకొని, మూసుకోవడం మరిచిపోతుంది. కండలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. పంపులు ఆగకుండా తోడుతూనే ఉంటాయి. ఇంధనం కరిగిపోతుంది, ఆక్సిజన్ ఖర్చు, బొగ్గుపులుసు వాయువు, వేడి, మూడూ అమాంతం పెరుగుతాయి. ముందుగా కనబడేది జ్వరం కాదు. మానిటరు మీద బొగ్గుపులుసు వాయువు గీత పైకి ఎక్కడం, గుండె వేగం పెరగడం, ఒక్కోసారి దవడ బిగుసుకొని నోరు తెరుచుకోకపోవడం. ఒళ్లు వేడెక్కడం చాలాసార్లు ఆ తర్వాతే. అయితే మొదలయ్యాక ఐదు నిమిషాలకు ఒక డిగ్రీ సెల్సియస్ చొప్పున కూడా పెరగవచ్చు. దెబ్బతిన్న కండల నుంచి పొటాషియం రక్తంలోకి కారి గుండె లయ తప్పుతుంది. మూత్రం నల్లటి టీ డికాక్షను రంగుకు మారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వేడి కండలోనే పుడుతోంది కాబట్టి పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ తగిలిన వాళ్లందరికీ ఈ జన్యు మార్పు ఉందని అనుకోవద్దు. కాని ఎండలో గట్టిగా పరుగెత్తినా, బరువు పని చేసినా కుప్పకూలి, కండలు నొప్పెట్టి, మూత్రం నల్లగా వచ్చిన వాళ్లలో కొందరికి ఈ మార్పే కనిపించింది. అలా అయిన మనిషి ఆ విషయం కూడా మత్తు డాక్టరుకు చెప్పాలి.

దీనికి మందు దొరికిన తీరులో పందుల పాత్ర ఉంది. కొన్ని జాతుల పందులు సంతకు తరలిస్తున్నప్పుడు బెదురుకే ఒళ్లు కాలి, బిగుసుకొని చనిపోయేవి. 1975లో దక్షిణాఫ్రికాలో హారిసన్ అనే వైద్యుడు అలాంటి పందులకు డాంట్రోలీన్ ఇచ్చి బతికించాడు. అది 1967లోనే తయారైన మందు. ఆ తూమును బిగించడమే దాని పని. 1979లో అమెరికాలో దీని ఇంజెక్షనుకు అనుమతి వచ్చింది. 1991లో ఆ పందుల్లోని జన్యు మార్పు బయటపడింది. మందు రాకముందు పదిమందిలో ఏడెనిమిది మంది చనిపోయేవాళ్లు. ఇప్పుడు మందు చేతిలో ఉన్నచోట పదిమందిలో ఒకరి కంటే తక్కువ. చేతిలో ఉన్నచోట అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆ మందు ప్రతి ఆసుపత్రిలో ఉండదు. ఖరీదు ఎక్కువ, గడువు తీరితే పారేయాలి, అవసరం ఏళ్ల తరబడి రాకపోవచ్చు. పాత రకం సీసా ఒక్కోదాంట్లో 20 మిల్లీగ్రాములే ఉంటుంది, 60 మిల్లీలీటర్ల నీటిలో బాగా కుదిపి కరిగించాలి. 60 కిలోల మనిషికి మొదటి మోతాదుకే ఎనిమిది సీసాలు కావాలి. జిల్లా కేంద్రంలో ఒక్కచోటైనా ఈ మందు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని, అది ఎక్కడుందో చుట్టుపక్కల ప్రతి ఆపరేషను థియేటరుకూ తెలిసి ఉండాలని నా గట్టి కోరిక.

తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఈ మార్పు ఉన్నా ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం ఉంది. ఆడ, మగ తేడా లేదు. మేనరికం వల్లే వస్తుందనుకోవద్దు, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు. కాకపోతే మేనరికంలో రెండు వైపుల నుంచీ వచ్చిన బిడ్డలు కొందరు పుట్టుకతోనే కండల బలహీనతతో పుట్టవచ్చు. రెండు మూడు సార్లు మత్తు తీసుకొని ఏమీ కాని మనిషికి ఆ తర్వాత కూడా రావచ్చు. కాబట్టి నాకు ముందు ఆపరేషను బాగానే జరిగింది కదా అని ఊరుకోకండి.

ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. జేజినాయనో, పెద్దనాయనో, మేనత్త కొడుకో ఆపరేషను టేబులు మీద పోయి ఉంటే, అప్పట్లో మత్తు ఎక్కువైందనో, గుండె ఆగిందనో, వాళ్ల టైము బాగాలేదనో అనుకొని ఉంటారు. ఏ ఆపరేషను, ఏ ఏడాది, ఒళ్లు కాలిందా, బిగుసుకుందా, ఇవి తెలిసినంత వరకు ఒక కాగితం మీద రాసి ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు దాచండి. కాగితాలు దొరక్కపోయినా నోటిమాట చాలు. ఖాయంగా తేల్చే కండ ముక్క పరీక్ష ప్రపంచంలోనే కొద్ది కేంద్రాల్లో జరుగుతుంది. జన్యు పరీక్ష అందరిలోనూ పట్టుకోలేదు. అందుకని మా వరకు మీ మాటే మొదటి పరీక్ష.

భయపడి ఆపరేషను మానుకోవద్దు. వెన్నుకు ఇచ్చే మత్తు, పన్ను పీకేటప్పుడు ఇచ్చే సూది, ప్రోపోఫోల్, కీటమిన్, నైట్రస్ ఆక్సైడ్ అనే వేరే మత్తు మందులు, ఇవేవీ ఆ తూమును కదిలించవు. పూర్తి మత్తు తప్పనప్పుడు కూడా వీటితోనే నడిపిస్తాం. అయితే మత్తు మిషనులో ముందు కేసుల నుంచి మిగిలిన మత్తు మందు ఆవిరి పోవాలి. గొట్టాలు మార్చి, ఆవిరి డబ్బాలు తీసేసి, ఆక్సిజన్‌తో చాలాసేపు కడగాలి. కొత్త రకం మిషన్లకు దీనికి గంట పైనే పట్టవచ్చు. అందుకే అలాంటి మనిషిని ఆ రోజు మొదటి కేసుగా పెట్టుకుంటాం. నమస్కారం.