ఇంటి ప్లాన్ మీద నడక గీతలు

శ్రోతలకు నమస్కారం.

సొంతంగా ఇల్లు కట్టించుకోవాలని నిర్ణయించుకున్న కుటుంబం కాగితం ముందు కూర్చున్నప్పుడు మొట్టమొదట రాసుకునేది గదుల జాబితా. పడకగదులు ఎన్ని, స్నానాల గదులు ఎన్ని, హాలు ఎంత పెద్దది, వంటగది ఏ పక్కన అన్న ప్రశ్నలకు జవాబులు దొరికేసరికి ప్లాన్ సగం పూర్తయిందన్న భావన కలుగుతుంది. అయితే ఆ జాబితాలో గదులు ఉంటాయి గాని, ఒక గదిలో నుంచి మరొక గదిలోకి నడిచే మనుషులు ఉండరు. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ మనుషుల నడకను గురించి, ఆ నడకను పునాది తవ్వక ముందే కాగితం మీద గీసి చూసుకునే ఒక పద్ధతిని గురించి.

ఈ పద్ధతిని ఎంతో పట్టుదలగా ప్రయోగించిన వాస్తుశిల్పి అలెగ్జాండర్ క్లైన్. 1879లో ఒడెస్సాలో పుట్టి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకుని, రష్యా విప్లవం తర్వాత బెర్లిన్‌కు చేరుకున్న ఆయన, మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీని పీడించిన ఇళ్ల కొరత కాలంలో చిన్న ఇళ్ల ప్లాన్లను శ్రద్ధగా పరిశీలించారు. విస్తీర్ణం సమానంగా ఉన్న రెండు ఇళ్లలో ఒకటి ఇరుకుగాను, మరొకటి విశాలంగాను ఎందుకు తోస్తుంది? దానిని అభిరుచికి వదిలివేయకుండా, చూడగానే తేటతెల్లమయ్యే బొమ్మగా మార్చడం ఆయన పని.

1928లో ఆయన వెలువరించిన రెండు బొమ్మలను మాటలతోనే మీ ముందుంచుతాను. మొదటిది అప్పటికి వాడుకలో ఉన్న తరహా ఇంటి ప్లాన్. దాని మీద ఆయన ఆ ఇంట్లో నివసించే వారి రాకపోకలను గీతలుగా గీశారు. పడకగది నుంచి స్నానాల గదికి ఒక గీత, వంటగది నుంచి భోజనం బల్లకు ఒక గీత, వీధి గుమ్మం నుంచి హాలుకు ఒక గీత. అలా గీస్తూ పోయేసరికి గీతలు ఒకదాని మీద ఒకటి పడి, మలుపులు తిరిగి, చిక్కుపడిన నూలుకండెలా తయారయ్యాయి. రెండవ బొమ్మ ఆయన స్వయంగా సవరించిన ప్లాన్. అందులో గీతలు రెండు గుంపులుగా విడిపోతాయి. నిద్రకు, స్నానానికి సంబంధించిన నడక ఒక పక్కన. వంటకు, భోజనానికి, విశ్రాంతికి సంబంధించిన నడక మరొక పక్కన. ఒక గుంపు మరొక గుంపుకు అడ్డు రాదు.

ఆయన అక్కడితో ఆగలేదు. మంచాలు, బీరువాలు, బల్లలు ప్లాన్ మీద పెట్టి, ఆ సామాను పోగా మిగిలిన ఖాళీ నేల ఎంత, అది ఒక్కచోట మిగిలిందా లేక ముక్కలుగా చెదిరిందా అని మరొక బొమ్మ గీశారు. ఎత్తయిన సామాను నీడలు ఎక్కడ పడతాయో కూడా గీశారు. నాకు ఆయన పద్ధతిలో అన్నిటి కన్నా ఇష్టమైనది ఈ ఖాళీ నేల బొమ్మ. ఎందుకంటే మనం కొలిచేది గది విస్తీర్ణాన్ని గాని, వాడుకునేది మిగిలిన నేలను.

ఇదే ఆలోచనను అంతకు పదిహేనేళ్ల ముందే క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే అమెరికన్ రచయిత్రి వంటగదికి వర్తింపజేశారు. పొయ్యి, తొట్టి, బల్ల, బీరువా ఎడాపెడా ఉన్న వంటగదిలో ఇల్లాలి నడకను, అవే వస్తువులు పని జరిగే వరుసలో ఉన్న వంటగదిలో నడకను ఆమె పక్కపక్కన గీసి చూపించారు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని కూడా వినిపించడం న్యాయం. రాబిన్ ఎవాన్స్ అనే వాస్తుశిల్ప చరిత్రకారుడు 1978లో క్లైన్ బొమ్మలను విమర్శించారు. ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడడాన్నే ఘర్షణగా భావించి తొలగించడం ఎంతవరకు సబబని ఆయన ప్రశ్న. పదహారవ శతాబ్దపు ఇటలీ భవనాలలో ఒక్కొక్క గదికి అనేక ద్వారాలు ఉండేవనీ, మనుషులు ఒకరి గదిలో నుంచి మరొకరు నడిచి పోయేవారనీ, గదులన్నిటినీ విడదీసే నడవా ఆ తర్వాత వచ్చిన ఏర్పాటనీ ఆయన గుర్తుచేశారు. నా మట్టుకు నేను ఇద్దరి మాటలోనూ సగం సగం తీసుకుంటాను. స్నానం చేసి వచ్చే మనిషి అతిథుల ముందు నుంచి పోవలసి రావడం తొలగించవలసిన కూడలి. సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లలు తమ గదికి పోతూ పెద్దవారు కూర్చున్న చోటి పక్కనుంచి పోవడం ఉంచుకోవలసిన కూడలి. ఏది తొలగించాలో, ఏది ఉంచుకోవాలో ఆ కుటుంబమే తేల్చుకోవాలి; అయితే తేల్చుకోవడానికి ముందు గీతలు గీసి చూడాలి.

గీయడం కష్టమైన పని కాదు. ప్లాన్‌ను 1:50 కొలతలో, అంటే నేల మీది ఒక మీటరు కాగితం మీద 2 సెంటీమీటర్లుగా ఉండేటట్లు అచ్చు వేయించుకోండి. నాలుగైదు నకళ్లు తీసుకోండి. మొదట సామాను గీయండి, ఆ తర్వాత తలుపులు ఏ వైపుకు తెరుచుకుంటాయో పావు వృత్తంగా గీయండి, ఆ తర్వాతే నడక గీయండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు పెన్సిలు కేటాయించి, నిద్ర లేచిన క్షణం నుంచి ఇల్లు విడిచే క్షణం వరకు ఎవరి గీతను వారినే గీయమనండి. పిల్లలను వదిలివేయకండి, వారు పెద్దలు మరచిపోయిన సంచులు, చెప్పులు, బొమ్మల దారులను గుర్తుపెట్టుకుంటారు. ఇందుకు పండుగ రోజును గాని, చుట్టాలు వచ్చిన రోజును గాని ఎంచుకోకండి. అందరూ ఒకేసారి తొందరపడే మామూలు ఉదయాన్ని ఎంచుకోండి.

గీతలు గీసిన తర్వాత ముందుగా చూడవలసింది తలుపులను. ఒక హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్నదనుకుందాం. దానికి ఒక తలుపు ఈ మూల, మరొక తలుపు ఎదుటి మూల పెడితే, నడక హాలును ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. మనిషి నడవడానికి 90 సెంటీమీటర్ల వెడల్పు లెక్కపెట్టినా హాలులో సుమారు నాలుగో వంతు నేల దారిగా మారిపోతుంది. మిగిలినదైనా ఒక్క ముక్కగా ఉండదు, రెండు త్రిభుజాలుగా మిగులుతుంది. త్రిభుజంలో కుర్చీలు వేయడం ఎంత చికాకో వేసి చూసిన వారికి తెలుసు. అదే రెండు తలుపులను ఒకే పొడవు గోడ వైపున పెడితే, దారి ఆ గోడను ఆనుకుని పోతుంది. దారికి పోయే నేల దాదాపు అంతే, కాని మిగిలిన నేల 5 మీటర్ల పొడవు, 3 మీటర్లకు పైగా వెడల్పు ఉన్న ఒకే దీర్ఘచతురస్రం. రెండు తలుపులూ ఒకే మూలకు దగ్గరగా వస్తే, దారి మూడు నాలుగు అడుగులలో ముగిసిపోతుంది. గది పెరగలేదు, గోడ జరగలేదు, ఖర్చు మారలేదు. జరిగినది తలుపు ఒక్కటే. పడకగదిలోనూ అంతే. గోడ నడుమ పెట్టిన తలుపు ఆ గోడను బీరువాకు పనికిరాకుండా చేస్తుంది. మూలకు అరవై సెంటీమీటర్లకు పైగా ఎడం వదిలి పెట్టిన తలుపు వెనుక బీరువా నిలుస్తుంది.

మెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. గీత పై అంతస్తుకు ఎక్కేచోట మెట్లు ఆక్రమించే నేలను చాలా మంది తక్కువగా ఊహిస్తారు. మెట్టు ఎత్తుకు రెండింతలు కట్టి, దానికి మెట్టు వెడల్పు కలిపితే 60 నుంచి 65 సెంటీమీటర్ల లోపు రావాలన్నది పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్సువా బ్లొండెల్ పేరిట నిలిచిన లెక్క. అంతస్తుకు, అంతస్తుకు మధ్య ఎత్తు 3 మీటర్లయితే, ఎత్తును పద్దెనిమిది భాగాలు చేసి మెట్టు వెడల్పు 28 సెంటీమీటర్లు తీసుకున్నప్పుడు, చివరి అడుగు పై అంతస్తు నేల మీదే పడుతుంది గనుక మెట్లు పదిహేడు; వరుస నేరుగా పోతే వాటికే 4.76 మీటర్ల పొడవు కావాలి. కింద ఒకసారి, పైన ఒకసారి ఆ చోటును గీసి చూసుకోవాలి.

నీళ్లు వాడే గదులు పక్కపక్కన గాని, ఒకదాని మీద ఒకటి గాని ఉంటే గొట్టాల దారి పొట్టిగా ఉంటుంది, మరమ్మతు తేలికవుతుంది. అయితే ఆ గొట్టాలు దిగే గోడ పడకగదిలో మంచం తలాపున రాకుండా చూసుకోండి. రాత్రివేళ పైనుంచి నీళ్లు వదిలిన చప్పుడు గోడలో నుంచి స్పష్టంగా వినిపిస్తుంది.

ఇక చివరి నకలు. దాని మీద ఆరోగ్యంగా ఉన్న వారి నడక కాకుండా, కాలు విరిగి గాని, వయసు పైబడి గాని మెట్లు ఎక్కలేని ఒక మనిషి నడకను గీయండి. కింది అంతస్తులో ఆ మనిషికి మంచం ఎక్కడ, అక్కడి నుంచి మరుగుదొడ్డికి ఎన్ని మలుపులు, ఎన్ని గడపలు? చక్రాల కుర్చీ పూర్తిగా చుట్టూ తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ వృత్తం కావాలి, అది దూరడానికి తలుపు తెరిచినప్పుడు 80 సెంటీమీటర్లకు తగ్గని ఎడం కావాలి. ఈ రెండు కొలతలు ఈనాడే ప్లాన్‌లో చేరితే అదనంగా పడే భారం చాలా తక్కువ. ఇల్లు పూర్తయిన తర్వాత చేర్చాలంటే మాత్రం గోడ పగలగొట్టాలి.

ఈ గీతలన్నీ పూర్తయిన తర్వాతే ఇంజనీరుతో పిల్లర్లు ఎక్కడ నిలపాలన్న మాట ఎత్తండి. పునాదికి ముందు మేస్త్రీ నేల మీద ముగ్గు పోసి గోడల గుర్తులు పెట్టిన రోజున, ఇంటిల్లిపాదీ తమ తమ రంగు గీతల కాగితాన్ని చేతపట్టుకుని అక్కడికి వెళ్లి, ఆ గీతల వెంబడి ఒకసారి నడవండి. తలుపు స్థానాన్ని మార్చాలనిపిస్తే ఆ పూటే మేస్త్రీకి చెప్పి, కాగితం మీద కూడా దిద్దించండి.

సెలవు.