ఆక్సిజన్ తగ్గిన సముద్రంలో చేపలు ఎలా బతుకుతున్నాయి?

యాంకర్: నమస్కారం. చుట్టూ అన్ని నీళ్లున్నా చేపకు ఊపిరాడకపోవడం ఏమిటి మేడమ్?

సముద్ర శాస్త్రవేత్త: నీటిలో కరిగే ఆక్సిజనే తక్కువండి. అంతే పరిమాణం గాలితో పోలిస్తే దాదాపు 30వ వంతు. నీరు వేడెక్కితే అదీ తగ్గుతుంది. పైగా వెచ్చటి నీరు తేలికై పైనే ఉండిపోతుంది కాబట్టి లోతుకు ఆక్సిజన్ సరిగా చేరదు. 1960 తర్వాత సముద్రాలు సుమారు 2 శాతం ఆక్సిజన్ పోగొట్టుకున్నాయి.

యాంకర్: రెండు శాతమేనా?

సముద్ర శాస్త్రవేత్త: అది సగటు. తూర్పు పసిఫిక్, అరేబియా సముద్రం, బంగాళాఖాతం లోతుల్లో అసలే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉండే పొరలున్నాయి. అలాంటి చోట కొంచెం తగ్గినా చేపకు ప్రాణసంకటమే.

యాంకర్: అప్పుడు చేప ఏం చేస్తుంది సార్?

జీవశాస్త్రవేత్త: ముందు అక్కడి నుంచి తప్పుకోవాలని చూస్తుంది. కుదరకపోతే మొప్పల మీదుగా ఎక్కువ నీరు పారేలా నోరు గబగబా ఆడిస్తుంది. చాలా చేపల్లో గుండె నెమ్మదిస్తుంది. ఈత, తిండి తగ్గిస్తాయి. కొన్ని గంటలైతే తట్టుకుంటాయి. వారాలు గడిస్తే ఎదుగుదల కుంటుపడుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని క్రోకర్ చేపల్లో గుడ్లు తయారవడమే దెబ్బతింది. చేప బతికే ఉంది కదా అని మనం ఊరుకుంటే ఆ నష్టం కంటికి కనిపించదు.

యాంకర్: దీనికి అలవాటుపడ్డ చేపలు లేవా?

జీవశాస్త్రవేత్త: ఎందుకు లేవు! గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియా లోతుల్లోకి మనిషి లేని జలాంతర వాహనాన్ని పంపి చూశారు. ఉపరితలంలో ఉండే ఆక్సిజన్‌లో 1 శాతం కూడా లేని చోట లాలీపాప్ క్యాట్‌షార్క్, కస్క్ ఈల్ తిరుగుతూ కనిపించాయి. ఈ షార్క్‌కి మొప్పలు ఎంత పెద్దవంటే, వాటికి చోటివ్వడానికి తలే వెడల్పయింది. నాకైతే ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. కానీ ఇలాంటి శరీరం రూపుదిద్దుకోవడానికి ఎన్నో తరాలు పట్టింది. మిగతా చేపలకు ఇప్పుడు అంత టైమ్ లేదు.

సముద్ర శాస్త్రవేత్త: ట్యూనా సంగతే చూడండి. వేగంగా ఈదుతుంది, ఆక్సిజన్ బాగా కావాలి. ఉష్ణమండల తూర్పు అట్లాంటిక్‌లో కింద గాలాడక పైపొరలోనే ఇరుక్కుంటోంది. అక్కడ వలకు తేలిగ్గా దొరుకుతుంది. ఎక్కువ పడుతోంది కాబట్టి చేపలు సమృద్ధిగా ఉన్నాయనుకోవడం ప్రమాదం.

యాంకర్: పరిస్థితి మారే అవకాశం ఉందా?

సముద్ర శాస్త్రవేత్త: తీరాల దగ్గర ఉంది. పొలాల ఎరువులు నదుల ద్వారా సముద్రంలో చేరి నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ అంతా ఖర్చవుతుంది. 1990ల్లో ఎరువుల వాడకం పడిపోయాక నల్ల సముద్రం వాయవ్య తీరం చాలావరకు తేరుకుంది. లోతు సముద్రం మాత్రం భూతాపం తగ్గితేనే కోలుకుంటుంది, దానికీ శతాబ్దాలు పట్టొచ్చు.