నల్లజాతి రచయిత నవలలో అంతరిక్షం ఉండకూడదా?

అందరికీ నమస్కారం.

నల్లజాతి సాహిత్యం అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి గారి తెలుగు. అది చదివి కన్నీళ్లు పెట్టుకున్న వాళ్లు ఈ హాల్లోనూ ఉంటారు. అయితే ఎంత గొప్ప పుస్తకమైనా మనకు తెలియకుండానే ఒక అలవాటు చేసి పోతుంది. నల్లజాతి రచయిత అంటే బానిసత్వం, కొరడా దెబ్బలు, పేదరికం గురించే రాస్తారని ఎదురుచూడటం మొదలుపెడతాం. అమెరికాలో ఈ అలవాటు ప్రచురణకర్తల టేబుల్ దగ్గరే కూర్చుని, ఏ పుస్తకం రావాలో ఏది రాకూడదో తేలుస్తూ వచ్చింది.

నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1950లో దీని మీదే ఒక వ్యాసం రాశారు. చదువుకున్న నల్లవాళ్లు అందరిలాగే ప్రేమించుకుని, పెళ్లాడి, సంసారం చేసుకునే కథల్ని తెల్ల ప్రచురణకర్తలు ఎందుకు వేయరని అందులో నిలదీశారు. ఆమెకు దెబ్బ ఒక్క వైపు నుంచే తగల్లేదు. 1937లో వచ్చిన ఆమె నవల మీద తోటి నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ విరుచుకుపడ్డారు. అందులో చెప్పుకోదగ్గ విషయమే లేదన్నారు. ఒక నల్లజాతి స్త్రీ మూడు పెళ్లిళ్ల మీదుగా తన బతుకును తాను వెతుక్కోవడం ఆయనకు విషయంగా ఆనలేదు. రైట్ అంటే నాకు చాలా గౌరవం, ఆయన కోపానికి కారణాలూ ఉన్నాయి. అయినా ఆ సమీక్ష అన్యాయమనే అంటాను.

మరో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రెండో నవల పారిస్‌లో, తెల్లవాళ్ల మధ్య నడిచే ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. మొదటి నవల వేసిన సంస్థే దీన్ని వద్దంది. చివరికి 1956లో వేరే సంస్థ వేసింది.

సైన్స్ ఫిక్షన్ రాసే నల్లజాతి రచయిత శామ్యూల్ డెలానీది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. 1968లో వచ్చిన ఆయన 'నోవా' 32వ శతాబ్దంలో జరుగుతుంది. హీరో లార్క్ వాన్ రే అంతరిక్ష నౌకకు కెప్టెన్. తల్లిది ఆఫ్రికాలోని సెనెగల్ మూలం, తండ్రిది నార్వే. పేలిపోతున్న నక్షత్రంలోకి నౌకను నడిపే మనిషి. సీరియల్‌గా వేస్తారేమోనని దాన్ని 'అనలాగ్' పత్రికకు పంపారు. అప్పట్లో సైన్స్ ఫిక్షన్‌లో దాని సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ మాటకు తిరుగులేదు. ఆయన డెలానీ ఏజెంటుకు ఫోన్ చేసి, నల్ల హీరోతో మా పాఠకులు మమేకం కాలేరని చెప్పారు. పేలే నక్షత్రాన్ని పాఠకులు నమ్ముతారా అన్న అనుమానం ఆయనకు రాలేదు. చర్మం రంగు దగ్గరే ఆగిపోయారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. బాల్డ్విన్ తెల్లవాళ్ల గురించి రాస్తే ఇబ్బంది, డెలానీ నల్లవాణ్ని హీరోని చేస్తే ఇబ్బంది. రెండు చోట్లా చెల్లనిది రచయిత ఇష్టమే.

సైన్స్ ఫిక్షనే రాసిన నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ పొటాటో చిప్స్ ఫ్యాక్టరీలో పనిచేశారు, గిన్నెలు కడిగారు. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకునేవారు. నల్లవాళ్లకు సైన్స్ ఫిక్షన్ వల్ల ఏం ఉపయోగమని ఆమెను అడిగేవాళ్లు. 1979లో 'కిండ్రెడ్' వచ్చింది. 1976లో లాస్ ఏంజెలెస్‌లో ఉన్న డేనా అనే నల్లజాతి యువతి ఉన్నట్టుండి పాతకాలపు మేరీలాండ్‌లో, బానిసలతో సాగు చేయించే తోటలో తేలుతుంది. ఆఖరిసారి తిరిగొచ్చేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి ఇంటి గోడలో ఇరుక్కుపోయి, తెగిపోతుంది. బానిసత్వం గురించి ఇంత ఒళ్లు జలదరించేలా చెప్పిన నవలలు నేను చాలా తక్కువ చదివాను. దాన్ని కూడా, ఏ కోవలోకి వస్తుందో తేలక, వెనక్కి పంపిన ప్రచురణకర్తలున్నారు. 1995లో బట్లర్‌కు అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది. సైన్స్ ఫిక్షన్ రచయితకు అది రావడం అదే మొదటిసారి.

ఇక్కడున్న అనువాదకులకు, ప్రచురణకర్తలకు ఒక మాట. తెలుగులోకి తేవడానికి ఈసారి నల్లజాతి రచయిత చెస్టర్ హైమ్స్ రాసిన, న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెంలో నడిచే నవలల్ని చూడండి. గ్రేవ్ డిగ్గర్ జోన్స్, కాఫిన్ ఎడ్ జాన్సన్ అని అందులో ఇద్దరు నల్లజాతి పోలీసు డిటెక్టివ్‌లున్నారు. అద్దె షాపుల్లో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని తెల్లవార్లూ చదివిన మనవాళ్లకు వాళ్లు తప్పకుండా నచ్చుతారు.