పోకర్ సెట్ రివ్యూ: చిప్స్ బాగున్నాయి, సలహాలే మోయలేకపోయాం

నమస్కారం, అనంతపురం నుంచి. ఇవాళ టేబుల్ మీద ఉన్నది పోకర్ సెట్. ముందే చెప్పేస్తున్నా, ఇది కంపెనీవాళ్లు ఫ్రీగా పంపింది. పేరు స్క్రీన్ మీద కనిపిస్తోంది. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని అడగలేదు. 300 చిప్స్, రెండు ప్లాస్టిక్ పేక కట్టలు, డీలర్ బటన్ (పంచే వంతు ఎవరిదో చూపించే బిళ్ల), మోసుకెళ్లే పెట్టె. కొలతలు, ధర మీరు ఇప్పటికే చూసుంటారు, కాబట్టి నేను మళ్లీ స్కేలు పట్టుకుని కూర్చోను.

ఇంకో మాట. ఇది డబ్బు పెట్టి ఆడే వీడియో కాదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మీద 2020లోనే నిషేధం పెట్టారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా కేంద్రం చట్టం తెచ్చింది. మాది ఇంట్లో చాప మీద ఆట. ఓడినవాళ్లు టీ పెట్టాలి, అంతే.

చిప్స్ గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తా. బరువుగా ఉన్నాయి, చేతిలో జారవు, ఒకదాని మీద ఒకటి పేరిస్తే పడిపోవు. వీటికి ముందు మేం బుడ్డలతో, అంటే వేరుశెనగలతో ఆడేవాళ్లం. అనంతపురంలో బుడ్డలకు కరువా! కాకపోతే మధ్యలో పెట్టిన పందెం ఆట తేలేలోపే సగం అయిపోయేది. ఎవరు తిన్నారని అడిగితే అందరూ మా బావ వైపే చూసేవాళ్లు. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు చొక్కా గుండీలతో ఆడాం. వాటితో పోలిస్తే ఈ చిప్స్ బ్రహ్మాండం.

ఇక అసలు విషయం. పెట్టెలో మూడో కట్ట ఒకటుంది. అందులో 52 కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో సలహా. కంపెనీవాళ్లు దీన్ని పెద్ద గొప్పగా చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఎందుకో చూడండి. ఒక కార్డు ‘మంచి ముక్కలు వస్తేనే ఆడండి’ అంటుంది. ఇంకోటి ‘మంచి ముక్కలతోనే ఆడితే అందరూ పసిగడతారు’ అంటుంది. ఒకటి ‘బ్లఫ్ చేయకుండా (మంచి ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం కాయకుండా) పోకర్ లేదు’ అంటుంది, దాని పక్కదే ‘కొత్తవాళ్లు బ్లఫ్ జోలికి పోవద్దు’ అంటుంది. జ్వరం వచ్చినవాడి మంచం చుట్టూ చుట్టాలు చేరి తలా ఒక కషాయం చెప్పినట్టుంది. మా ఇంట్లో మొదటిసారి ఆడినప్పుడు అందరూ ముక్కలు వదిలేసి ఈ కార్డులే చదువుతూ కూర్చున్నారు. మా మామ అయితే, ‘ఏం అల్లుడూ, ఇది ఆటా పరీక్షా?’ అన్నాడు.

నిజానికి ఈ సలహాల్లో తప్పుది దాదాపు ఏదీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి సలహా ఏదో ఒక టేబుల్‌కి సరైనదే, ఏ టేబుల్‌కో మాత్రం కార్డు చెప్పదు. చేతిలో ఆసు, తొమ్మిది ఉన్నాయనుకోండి, వేరే వేరే గుర్తులవి. తొమ్మిదిమంది కూర్చున్న టేబుల్‌లో మొదట మాట్లాడాల్సింది, అంటే ఆడతారో వదిలేస్తారో చెప్పాల్సింది మీరే అయితే వదిలేయాల్సిన చెయ్యి అది. ఇద్దరే ఆడుతుంటే అదే చేతితో నిక్షేపంగా రెయిజ్ చేయొచ్చు, అంటే పందెం పెంచొచ్చు. యూట్యూబ్‌లో ఒకాయన ‘ఆల్ ఇన్ కొట్టేయండి’ అంటాడు, అంటే ఉన్న చిప్సన్నీ పెట్టేయమని. ఆయన ఆడుతున్నది టోర్నమెంట్, దగ్గర మిగిలింది పది బ్లైండ్లకు (ముక్కలు పంచకముందే పెట్టాల్సిన పందేలకు) సరిపడా చిప్స్. మన చాప మీద ఒక్కొక్కరి దగ్గర నూట యాభై బ్లైండ్లుంటాయి. ఆయన మాట విని తోసేస్తే టీ పెట్టడానికి లేవాల్సిందే.

కంప్యూటర్ లెక్కల సలహాలు ఇంకో రకం. 2019లో ప్లురిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురి టేబుల్‌లో పేరున్న ఆటగాళ్లను ఓడించింది. ఇప్పుడు ఎవర్ని కదిపినా జీటీఓ (ఎదుటివాడు ఎలా ఆడినా దెబ్బతినని ఆట), సాల్వర్ (ఆ లెక్క వేసే ప్రోగ్రాం) అంటున్నారు. ఎదుటివాడు కూడా పొరపాటు లేకుండా ఆడతాడని అనుకుని వేసే లెక్కలవి. మా బావ ఏ ముక్కలొచ్చినా కాల్ అంటాడు, అంటే ఎదుటివాడి పందెం తనూ పెట్టేస్తాడు. అలాంటివాడి మీద బ్లఫ్ చేసి ఏం లాభం, వాడు ముక్కలు మడిచి ఆట వదిలేస్తే కదా! సాల్వర్‌కి మా బావ తెలియదు.

అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఆట అయిపోయాక వచ్చే సలహా. రెండు ఆసులతో, రెండు రాజుల మీద అన్ని చిప్స్ పెట్టి ఓడిపోతే, ‘అప్పుడే మడిచి ఉండాల్సింది’ అంటారు. అక్కడ ఆసులు గెలిచేది సుమారు 82 శాతం. అంటే ఐదింట్లో ఒకసారి దాకా ఓడతాయి. ఓడినంత మాత్రాన చేసింది తప్పని కాదు. ముక్కలు తెరిచాక చెప్పే మాటను పక్కన పెట్టండి, బుర్రలో సగం చోటు ఖాళీ అవుతుంది.

మాలాంటి వాళ్లకు నిజంగా అక్కరకొచ్చే సలహా ఒకటుంది. అది ఈ 52లో ఎక్కడా లేదు. మూడుముక్కలాట ఆడినవాళ్లకు సీక్వెన్స్ (వరుస ముక్కలు) కన్నా కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) చిన్నదని అలవాటు. పోకర్‌లో కలర్‌దే పైచేయి. మూడు ముక్కల్లో మామూలు సీక్వెన్సులు 720 రకాలుగా వస్తే, కలర్లు 1,096 రకాలుగా వస్తాయి. ఐదు ముక్కల్లో లెక్క తిరగబడుతుంది. సీక్వెన్సులు 10,200, కలర్లు 5,108. ఏది అరుదైతే అదే పెద్దది. ఈ ఒక్క సంగతి మీద మా ఇంట్లో ఎంత గొడవ జరిగిందో! దీన్ని కార్డు మీద అచ్చేసి ఉంటే నేనే కంపెనీవాళ్లకు దండం పెట్టేవాణ్ని.

అలాగే రమ్మీ ఆడేవాళ్లకు ‘ఓపికగా ఉండండి’ అని పది కార్డులు అక్కర్లేదు. ముక్కలు బాగా లేకపోతే ఫస్ట్ డ్రాప్ కొట్టి 20 పాయింట్లతో బయటపడటం మా మామకు చిన్నప్పటినుంచి వచ్చు. పోకర్‌లో మడవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, మొదటిరోజే మా అందరికన్నా బాగా ఆడాడు.

ఇప్పుడు ఈ పెట్టెలో నాకు తెగ నచ్చింది చూపిస్తా. ఇదిగో, డీలర్ బటన్. అరచేతిలో సగం ఉంటుంది, బరువు బాగుంది, చాప మీద పెట్టినా దొర్లిపోదు. అందరికీ దూరం నుంచే కనిపిస్తుంది. ఇంతకుముందు మేం బటన్‌గా మందు సీసా మూత పెట్టేవాళ్లం. దగ్గు మందు మూతండీ, అపార్థం చేసుకోకండి. అది ఎవరి దగ్గరుందో రెండు ఆటలకే మర్చిపోయేవాళ్లం.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంతసేపు ఎందుకంటారా? ఫ్లాప్, అంటే మధ్యలో అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు పడ్డాక బటన్ ఉన్నవాడే చివర మాట్లాడతాడు. మిగతా వాళ్లు ఏం చేశారో అన్నీ చూశాకే తన వంతు. అందుకే బటన్ దగ్గర కాస్త ఎక్కువ చేతులు ఆడొచ్చు, ముందు మాట్లాడాల్సిన చోట బాగా తగ్గించుకోవాలి. టేబుల్ మారినా, ఎదుటివాళ్లు మారినా పెద్దగా మారని సలహా ఇదొక్కటే నాకు కనిపించింది. పాటించామో లేదో ఎవరికి వారే చూసుకోవచ్చు కూడా. అందుకే మిగతా కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి పక్కన పడేసి, అందరం ఇదొక్కటే పట్టుకున్నాం. మొదట్లో చేతికొచ్చే రెండు ముక్కలు 169 రకాలు, వాటిలో ఏవి ఆడాలో చెప్పే చార్ట్ బట్టీ పట్టే పని తర్వాతైనా పెట్టుకోవచ్చు. బటన్ ఎక్కడుందో చూడటానికి బట్టీ అక్కర్లేదు.

ఇది అలవాటయ్యాక రెండోది తీశాం. కలర్‌కి ఇంకొక్క ముక్క తక్కువైతే ఆ గుర్తు ముక్కలు మనకు కనిపించనివి తొమ్మిది. మధ్యలో ఇంకా రెండు ముక్కలు పడాల్సి ఉంటే తొమ్మిదిని నాలుగుతో గుణించండి, కలర్ పడే అవకాశం 36 శాతం. అసలు లెక్క 35 శాతం. చాప మీద ఆటకు అది చాలు. మూడోది ఇంకా తీయలేదు, తొందరేం లేదు.

ఇంకోటి, క్లబ్బుల్లో ఒక రూల్ ఉంటుంది. ఒక చెయ్యి ఒక్కరే ఆడాలి. ఆట నడుస్తుండగా పక్కవాడు సలహా ఇవ్వకూడదు. మేం అది ఇంట్లో పెట్టుకున్నాం. మా బావకు నోరు కట్టేసినట్టయింది గానీ, ఆట మాత్రం నిమ్మళంగా సాగుతోంది.

సరే, కొనాలా? పేక కట్టలు మామూలే, కాస్త జారుతున్నాయి. పెట్టె గొళ్లెం వదులుగా ఉంది, నిలబెడితే తెరుచుకుంటోంది. అయినా కొనమనే చెప్తా, చిప్స్ కోసం, ఆ బటన్ కోసం. సలహాల కట్ట లేకుండా ఇదే సెట్ ఇంకాస్త తక్కువ ధరకు దొరికితే అది తీసుకోండి. కంపెనీవాళ్లు చూస్తుంటే ఒక్క మాట. వచ్చేసారి ఈ కార్డులు వేస్తే, ఎంతమంది టేబుల్‌కో, ఎన్ని బ్లైండ్లకో కింద అచ్చేయండి. లేదంటే ఆ కాగితం ఖర్చుతో గొళ్లెం బాగుచేయండి.